వెడల్పు వీపుకు జీను

ఆల్ప్స్ పర్వతాల్లో, ఇప్పుడు ఇటలీలో భాగమైన దక్షిణ టైరోల్‌లో, హాఫ్లింగ్ అనే చిన్న ఊరుంది. హాఫ్లింగర్ గుర్రాలకు పేరు ఆ ఊరి నుంచే వచ్చింది. తేనె రంగు ఒళ్లు, తెల్లటి జూలు, పొట్టిగా గట్టిగా ఉండే కాళ్లు. 1874లో పుట్టిన ఫోలీ అనే మగగుర్రం దగ్గర ఈ జాతి వంశావళి మొదలవుతుంది. కొండదారుల్లో బరువులు మోయడానికీ, బండ్లు లాగడానికీ తరతరాలుగా ఏరి పెంచిన గుర్రం ఇది. అందుకే దాని పక్కటెముకలు బాగా విచ్చుకుని ఉంటాయి, ఛాతీ గుండ్రంగా ఉంటుంది, వీపు వెడల్పుగా, దాదాపు చదునుగా ఉంటుంది. నార్వే ఫియోర్డ్ గుర్రాలదీ, వేల్స్‌లోని కాబ్ గుర్రాలదీ, స్కాట్లండ్ హైలాండ్ పోనీలదీ ఇంచుమించు ఇదే నిర్మాణం. వీటిని పెంచేవాళ్లను ఎవరిని కదిపినా వినిపించే కష్టం ఒకటే. జీను దొరకదు. దొరికింది కుదరదు. కుదిరింది కొనే స్తోమత ఉండదు.

గుర్రం అనగానే మన కళ్ల ముందు మెదిలేది ఈ గుర్రం కాదు. హైదరాబాద్ మలక్‌పేట రేసుకోర్సులో పరుగెత్తే థరోబ్రెడ్‌ను చూడండి. మెడ ముగిసి వీపు మొదలయ్యే చోట ఎత్తుగా, కోసుగా ఒక గట్టు లేచి ఉంటుంది. దాన్ని మూపు అంటాం. జీను ఆ గట్టుకు అటూ ఇటూ సర్దుకుని కూర్చుంటుంది. హాఫ్లింగర్‌కు ఆ గట్టు ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. చేత్తో తడిమితే తప్ప ఎక్కడుందో తెలియదు. జీను నిలవడానికి పట్టు ఏది? చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

గుర్రానికి మామూలుగా 18 ఛాతీ వెన్నుపూసలు, 18 జతల పక్కటెముకలు ఉంటాయి. ఒక్కో వెన్నుపూస మీద పైకి నిక్కిన ఎముక ముల్లు ఒకటి ఉంటుంది. మూడోదాని నుంచి ఎనిమిదీ తొమ్మిదో దాకా ఆ ముళ్లు బాగా పొడవు. వాటి కొనలన్నీ కలిసిందే మూపు. ముళ్లు పొట్టిగా ఉండి, వాటి పక్కన కండ దట్టంగా ఉండి, పక్కటెముకలు పైనుంచే అడ్డంగా విచ్చుకుంటే వచ్చేది వెడల్పు వీపు. ఈ ముళ్ల కొనల మీద ఒక స్నాయువు, దాని మీద చర్మం, అంతే. అక్కడ బరువు పడకూడదు. దానికి రెండు వైపులా మెడ మొదలు నుంచి నడుం దాకా పొడవుగా సాగే వెన్ను కండరం ఉంది. శాస్త్రవేత్తలు లాంగిసిమస్ అంటారు. జీను బరువు మోయాల్సింది ఆ కండరమూ, దాని కింద ఉన్న పక్కటెముకలూ. పద్దెనిమిదో పక్కటెముక దాటితే నడుం. అక్కడ కింద ఆసరాగా పక్కటెముకలు ఉండవు కాబట్టి జీను అక్కడిదాకా రాకూడదు.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. మనకున్నట్టు గుర్రానికి జత్రుక, అంటే కాలర్ బోన్, లేదు. ముందుకాళ్లకూ మొండేనికీ మధ్య ఎముకల కీలే లేదు. భుజాల మధ్య మొండెం కండరాల ఊయెలలో వేలాడుతుంది. ముందుకాలు ముందుకు చాచినప్పుడు రెక్క ఎముక పైకొన వెనక్కు జారుతుంది. జీను ముందుభాగం ఆ ఎముక మీదికి వస్తే, వేసే ప్రతి అడుగుకూ ఎముక వెళ్లి గట్టి చట్రానికి తగులుతుంది. కాబ్ జాతుల్లో భుజాలు దిట్టంగా ఉంటాయి, వీపేమో పొట్టి. ముందు భుజం, వెనక నడుం. ఈ రెంటి మధ్య మిగిలే చోటు చాలా తక్కువ. ఎక్కే మనిషికి సరిపడా సీటు చూసుకుని 17 అంగుళాలదో పదిహేడున్నర అంగుళాలదో జీను కొంటే అది నడుం మీదికి పాకుతుంది. వెడల్పు గురించే అందరూ మాట్లాడతారు గానీ, ఈ గుర్రాలకు పొడవు కూడా అంతే ఇబ్బంది.

జీను చేసే పనేమిటో ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. మనిషి 70 కిలోలు, జీను 8 కిలోలు, మొత్తం 78. ఆ బరువు వీపు మీద వేసే బలం సుమారు 765 న్యూటన్లు. జీను కింది మెత్తలు 1,200 చదరపు సెంటీమీటర్ల మేర వీపును తాకుతున్నాయి అనుకుందాం. అప్పుడు పీడనం 6.4 కిలోపాస్కల్. గుర్రం దుడుకు నడక (ట్రాట్) అందుకుంటే ప్రతి అడుగులో ఒక క్షణం ఈ బలం దాదాపు రెట్టింపవుతుంది. ఇప్పుడు అదే జీను సరిగా కుదరక మూడో వంతు చోటులోనే తాకుతోందనుకోండి. నిలబడి ఉన్నప్పుడే పీడనం 19 కిలోపాస్కల్, దుడుకు నడకలో 38 దగ్గర. మనిషి బరువు పెరగలేదు, జీను బరువు పెరగలేదు. తాకే చోటు తగ్గింది, అంతే.

ఈ అంకెల్ని దేనితో పోల్చాలి? 1930లో యూజీన్ లాండిస్ అనే శాస్త్రవేత్త మనుషుల గోటి మొదట్లో చర్మంలో ఉండే సన్నని రక్తకేశనాళికల్లో పీడనం కొలిచాడు. ధమని వైపు కొనలో అది సగటున 32 మిల్లీమీటర్ల పాదరసం, అంటే దాదాపు 4.3 కిలోపాస్కల్. బయటి నుంచి అంతకు మించి నొక్కితే ఆ నాళాలు మూసుకుపోవచ్చు. మంచం పట్టిన రోగులకు పడక పుండ్లు ఎందుకు పడతాయో వివరించేటప్పుడు వైద్యులు వాడే కొలత ఇదే. మన లెక్క ప్రకారం చక్కగా కుదిరిన జీను కూడా ఈ గీత దాటుతోంది. అయినా గుర్రం వీపు ఎందుకు పాడవదు? ప్రతి అడుగులోనూ పీడనం ఎక్కి దిగుతుంది, ఆ దిగే క్షణంలో నెత్తురు తిరిగి లోపలికి వస్తుంది. నొక్కు వదలకుండా ఒకే చోట ఉంటేనే కండ దెబ్బతింటుంది. జీను కింద తెల్లవెంట్రుకల మచ్చలు కనిపిస్తే, అక్కడి వెంట్రుక మొదళ్లలో రంగు తయారుచేసే కణాలు నొక్కుడుకు చచ్చిపోయాయని అర్థం. రెక్క ఎముక వెనక రెండు వైపులా గుంటలు పడితే, అక్కడి కండ కరిగిపోయిందని అర్థం. గుర్రం నోరు విప్పి చెప్పలేదు. జీనును పొట్ట కింద నుంచి కట్టే తంగు బిగిస్తుంటే చెవులు వెనక్కు మడుస్తుంది, కొరకడానికి తల తిప్పుతుంది, ఎక్కబోతే పక్కకు జరుగుతుంది. దాన్ని పొగరు అని కొట్టేవాళ్లను చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. ముందు జీను ఎత్తి, కింద చెయ్యి పెట్టి చూడాలి.

ఇక అసలు విషయానికి వద్దాం. జీను లోపల కనిపించకుండా ఒక చట్రం ఉంటుంది. ఇంగ్లిష్ జీను కుట్టేవాళ్లు దాన్ని ట్రీ అంటారు. పాత పద్ధతిలో అది బీచ్ చెక్క పలచటి పొరల్ని అతికించి, ఉక్కు పట్టీలు వేసి చేసేది. ఇప్పుడు ప్లాస్టిక్ రకాలూ ఉన్నాయి. ముందు మూపు మీదుగా కమానులా వంగి, రెండు కొనలు రెండు పక్కలా కిందికి దిగుతాయి. జీను దుకాణంలో నారో, మీడియం, వైడ్ అని చెప్పేది ఈ కమాను గురించే. వెడల్పు గుర్రం ఉన్నవాళ్లు వైడ్ అడుగుతారు, అది కుదరకపోతే ఎక్స్‌ట్రా వైడ్ అడుగుతారు, అదీ కుదరక నిరాశపడతారు. ఈ మాటలకు అన్ని కంపెనీలకూ ఒకే కొలత లేదు. ఒకరి వైడ్ ఇంకొకరి మీడియం కావచ్చు. అయితే అది చిన్న చిక్కు. పెద్ద చిక్కు ఏమిటంటే, వెడల్పు ఒకటీ ఆకారం ఒకటీ.

కాగితం మీద గీసి చూడండి. వెడల్పు వీపును అడ్డంగా కోసినట్టు ఊహిస్తే పైన చదునుగా, రెండు పక్కలా గుండ్రంగా తిరిగి కిందికి దిగే ఆకారం వస్తుంది. ఇంగ్లిష్ యు అక్షరాన్ని తలకిందులు చేసి కాస్త సాగదీసినట్టు. మామూలు చట్రపు కమాను తలకిందులైన వి. ఇప్పుడు ఆ వి ని ఈ యు మీద పెట్టండి. వి ఇరుకైతే, దాని నిటారు చేతులు యు పక్కల్లో కింద ఎక్కడో తగులుతాయి. కొనలు కండలోకి గుచ్చుకుంటాయి, జీను ముందుభాగం గాల్లోకి లేస్తుంది, మనిషి వెనక్కు ఒరిగిపోతాడు. సరే అని వి ని విప్పుతూ పోతే? తగిలే చోటు పైకి జరుగుతుంది. ఇప్పుడు వి నడుమభాగం వీపు పైచదును అంచు మీద ఆనుతుంది, కొనలేమో పక్కల్లో గాల్లో ఉంటాయి. జీను అటూ ఇటూ ఊగుతుంది. కోణం ఎంత మార్చినా సరే, రెండు పక్కలా ఒక్కో గీత వెంట మాత్రమే వి తగులుతుంది. గీతకు వైశాల్యం ఎంతని? బరువంతా అక్కడే. వైడ్ కొన్నా, ఎక్స్‌ట్రా వైడ్ కొన్నా, అంతకు మించినది తెప్పించినా ఫలితం మారకపోవడానికి కారణం ఈ జ్యామితి. కమాను పైభాగం కూడా వెడల్పుగా, గుండ్రంగా ఉండే చట్రం ఒక్కటే దీనికి మందు. జీను కుట్టేవాళ్లు దాన్ని హూప్ ట్రీ అంటారు. కొలత తక్కువ రాసి ఉన్న హూప్ చట్రం, కొలత ఎక్కువ రాసి ఉన్న వి చట్రం కన్నా ఈ గుర్రాలకు మెరుగ్గా కుదురుతుంది.

చదును అన్న మాటలో ఇంకో గందరగోళం దాగి ఉంది. పక్క నుంచి పక్కకు చదును వేరు, ముందు నుంచి వెనక్కు చదును వేరు. మూపు నుంచి నడుం దాకా పక్కనుంచి చూస్తే కొన్ని వీపులు మధ్యలో లోతుగా దిగుతాయి, కొన్ని నేరుగా సాగుతాయి. ఈ వెడల్పు గుర్రాలది చాలావరకు నేరు వీపు. చాలా జీనుల చట్రం మాత్రం పొడవునా వంపు తిరిగి ఉంటుంది. వంపు చట్రాన్ని నేరు వీపు మీద పెడితే మధ్యలో మాత్రమే ఆనుతుంది. వెనకభాగాన్ని చేత్తో నొక్కితే ముందుభాగం లేస్తుంది, ముందు నొక్కితే వెనక లేస్తుంది. గుర్రం దుడుకు నడక అందుకోగానే జీను వెనకభాగం టపటపా కొట్టుకోవడానికి కారణం ఇదే. లోతు వీపు మీద నేరు చట్రం పెడితే దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది, ముందూ వెనకా తగిలి మధ్య ఖాళీ పడుతుంది. కాబట్టి వెతకాల్సింది రెండు గుణాలున్న చట్రం. అడ్డంగా హూప్, పొడవునా నేరు. కింది మెత్తలు పలచగా, వెడల్పుగా, వీపు చదునుకు తగ్గట్టు పరుచుకోవాలి. ఒకటి కుదిరి రెండోది కుదరని జీనులే బజారులో ఎక్కువ.

కుదరని జీను కింద ఇంకో మెత్త వేయడం చాలామంది చేసే పని. ఇరుకు చెప్పు కరుస్తోందని మందపాటి మేజోడు తొడిగితే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. కమాను కింద ఉన్న చోటు ఇంకా తగ్గుతుంది, జీను ఇంకా పైకి లేస్తుంది, ఇంకా ఊగుతుంది. జీను కాస్త వెడల్పెక్కువై, ముందు కొద్దిగా కుంగితే పలచటి మెత్తతో సరిచేయవచ్చు. ఇరుకైతే ఏ మెత్తా పనికిరాదు.

జారడం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ గుర్రాల యజమానులు ఎక్కువ డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. మూపు గట్టు లేని గుండ్రటి ఒంటి మీద జీనును ఆపేవి రెండే రెండు: మెత్తల రాపిడి, తంగు బిగువు. మెత్తలు రెండూ దూరదూరంగా, పూర్తిగా ఆని ఉంటే, మనిషి ఒక రికాబు మీద బరువు వేసినా జీను తట్టుకుంటుంది. ఇరుకు జీను పైకెక్కి కూర్చుంటే దాని ఆనిక ఇరుకవుతుంది, కొద్దిపాటి బరువు పక్కకు మళ్లినా ఒరుగుతుంది. అప్పుడు మనిషి ఏం చేస్తాడు? తంగు ఇంకో రెండు రంధ్రాలు లాగి బిగిస్తాడు. ఆస్ట్రేలియాలో బవర్స్, స్లోకోంబ్ అనే పరిశోధకులు పందెపు గుర్రాలను ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి చూశారు. తంగు బిగువు పెరిగినకొద్దీ గుర్రం తొందరగా అలసిపోయింది. అంటే ఇరుకు జీను తెచ్చిన జారుడును తంగుతో ఆపబోతే గుర్రం దమ్ము తగ్గుతుంది. ఎక్కేటప్పుడు నేల మీద నుంచి రికాబు పట్టుకుని లాగి ఎక్కకుండా, ఎత్తు దిమ్మ మీద నుంచి ఎక్కితే జీను పక్కకు ఈడ్చుకుపోవడం చాలా తగ్గుతుంది. దిమ్మకు ఖర్చు దాదాపు ఏమీ లేదు, మేలు మాత్రం రోజూ ఉంటుంది.

జీను ఎప్పుడూ ఒకే వైపుకే జారుతుంటే కథ వేరు కావచ్చు. ఇంగ్లండ్‌లో లైన్ గ్రీవ్, సూ డైసన్ అనే పశువైద్యులు 2013లో ఒక పరిశోధన వెలువరించారు. వెనకకాలు కుంటుతున్న గుర్రాలను పరీక్షిస్తే, సగానికి పైగా గుర్రాల్లో జీను ఒక పక్కకు జారుతోంది. నొప్పి ఉన్న చోట నరానికి మత్తుమందు ఇచ్చి కుంటు పోగొట్టగానే, దాదాపు అన్నింటిలోనూ జారడం ఆగిపోయింది. కొన్నింటి కుంటు మామూలు కంటికి ఆనేంత కూడా కాదు. జీను మార్చే ముందు పశువైద్యుడికి చూపించడం ఎందుకు అవసరమో దీన్నిబట్టి తెలుస్తుంది. లేని జబ్బుకు మందు కొనడం కన్నా, ఉన్న నొప్పి పట్టించుకోకపోవడం ఇంకా పెద్ద నష్టం, గుర్రానికి.

వెడల్పు ఎముకదా, కొవ్వుదా అన్న ప్రశ్న కూడా జీను కొనకముందే తేలాలి. పర్వత జాతులు, ఉత్తర దేశాల పోనీలు తక్కువ మేతతో బతకడానికి అలవాటు పడ్డవి. పచ్చటి పొలంలో వదిలితే లావెక్కిపోతాయి. 1983లో అమెరికాలో హెన్నెకె, ఆయన సహచరులు గుర్రం ఒంటి కొవ్వును 1 నుంచి 9 దాకా లెక్కించే పద్ధతి ప్రచురించారు. చేత్తో తడిమితే పక్కటెముకలు తగలాలి, మెడ మీద గట్టి కొవ్వు కట్ట ఉండకూడదు, వెన్ను వెంట గాడి పడకూడదు. అయిదు దగ్గర ఉంటే సరైన స్థితి. ఏడూ ఎనిమిదీ ఉంటే ముందు కావాల్సింది కొత్త జీను కాదు, మేత తగ్గింపు. గిట్టల లోపలి పొర వాచి కుంటుపడే లామినైటిస్ అనే భయంకరమైన జబ్బు ఈ జాతుల్లో కొవ్వుతో కూడా వస్తుంది. కొవ్వు మీద కొలిచిన జీను, కొవ్వు కరిగాక చెడిపోతుంది. బజారులో వెడల్పు గుర్రాలుగా అమ్ముడయ్యేవాటిలో కొన్ని కేవలం లావు గుర్రాలు.

ఒంటితో పాటు జీను మారాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. యుద్ధంలో మేత లేక చిక్కిపోయే గుర్రాలను చూసి చూసి, బ్రిటిష్ సైన్యం 1912 నాటి తన యూనివర్సల్ ప్యాటర్న్ జీనులో పక్కపలకలను కీళ్ల మీద కదిలేలా పెట్టింది. గుర్రం చిక్కినా, తేరుకున్నా పలకలు వీపు వాలుకు సర్దుకునేవి. అశ్వికదళాలు పోయాక ఈ తెలివి చాలాకాలం మరుగున పడింది. ఇంగ్లిష్ జీను ప్రధానంగా వేటకూ, దూకే పోటీలకూ వాడే ఎత్తు మూపు గుర్రాల మీద రూపు దిద్దుకుంది. బండి లాగే జాతుల మీద జీను వేసేవాళ్లు తక్కువ కాబట్టి వాటికి చట్రాలు చేసేవాళ్లూ తక్కువ. ఈ ముప్ఫై నలభై ఏళ్లలో కాబ్‌లు, హాఫ్లింగర్లు ఇళ్లలో సవారీ గుర్రాలయ్యాక మాత్రమే బజారు కొద్దిగా కదిలింది.

ఇంగ్లండ్‌లో వాల్సాల్ ఊరు జీనులకు పెట్టింది పేరు. అక్కడి ఫుట్‌బాల్ జట్టుకు శాడ్లర్స్, అంటే జీను కుట్టేవాళ్లు, అని ముద్దుపేరు. చేత్తో కుట్టిన కొత్త తోలు జీను అక్కడ వెయ్యి పౌండ్లకు పైమాటే, రెండు మూడు వేలు పలికేవీ మామూలే. అంత పెట్టలేనివాళ్లకు మొదటి దారి సింథటిక్ జీను. ఆస్ట్రేలియా కంపెనీ వింటెక్, వాల్సాల్ కంపెనీ థోరోగుడ్ వీటిలో పేరున్నవి. రెండూ వెడల్పు, నేరు వీపు గుర్రాల కోసం వేరే చట్రాలతో నమూనాలు అమ్ముతున్నాయి. నీళ్లతో కడగవచ్చు, బరువు తక్కువ, ధర తోలు జీనులో కొంత భాగమే. ముందు కమాను లోహపు ముక్కను స్క్రూలు విప్పి మార్చుకునే వీలు కూడా ఉంటుంది. అయితే ఈ వీలును నమ్ముకుని ఏ జీనైనా కొనేయకూడదు. ముక్క మారిస్తే ముందు కోణం మారుతుంది తప్ప చట్రం వెనకభాగం, పొడవునా ఉన్న వంపు, మెత్తల ఆకారం మారవు. వంపు చట్రంలో ఎంత వెడల్పు ముక్క బిగించినా అది నేరు వీపు మీద ఊగుతూనే ఉంటుంది.

చట్రమే లేని జీను వాడితే ఈ కొలతల గోలే ఉండదు కదా అని కొందరు అంటారు. ఆలోచన బాగానే ఉంది. కానీ అమెరికాలో బెలాక్, క్లేటన్ బృందం 2012లో జీను కింద పీడన సెన్సర్ల చాప పరచి రెండు రకాలూ పోల్చింది. చట్రం లేని జీనులో బరువు మనిషి కూర్చున్న చోట కింద గుమిగూడింది, గరిష్ఠ పీడనం ఎక్కువ వచ్చింది. చట్రం చేసే పని బరువును పొడవునా పరచడం. అది లేకపోతే ఆ పని మెత్తలు చేయాలి, అన్నీ చేయలేవు. తేలికైన మనిషి, కొద్దిసేపు సవారీ అయితే వాడేవాళ్లు ఉన్నారు. గుండ్రటి ఒంటి మీద ఇవి ఇంకా తొందరగా తిరుగుతాయన్నది మరిచిపోకూడదు.

మన దేశంలో కాన్పూరు జీనులకు కేంద్రం. ఈస్టిండియా కంపెనీ సైన్యాల తర్వాతి కాలంలో, 1860ల్లో అక్కడ సైన్యం కోసం జీనుల కార్ఖానా వెలిసింది. దాని చుట్టూ పెరిగిన కుట్టుపని నైపుణ్యం ఇప్పుడు ప్రపంచమంతా ఎగుమతి అవుతోంది. కాన్పూరు శాడ్లరీకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. విదేశీ దుకాణాల్లో పేరులేని చవక జీనుల మీద ఉండే చులకన, కుట్టిన చేతుల మీదికి పోకూడదని నా గట్టి అభిప్రాయం. ఏ దేశపు చవక జీనులోనైనా తేడా తోలులో కన్నా లోపలి చట్రంలో ఎక్కువ. కొనేముందు చట్రం ఆకారమేమిటి, దేనితో చేశారు, పొడవునా ఎంత వంపు ఉంది అని అడగాలి. జవాబు రాకపోతే ధర ఎంత తక్కువైనా దాన్ని వదిలేయాలి.

అన్నిటికన్నా లాభసాటి దారి వాడిన జీను. తోలు జీను చక్కగా చూసుకుంటే దశాబ్దాలు బతుకుతుంది. వాడినది కొనేటప్పుడు చట్రం విరిగిందేమో చూడటం అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే విరిగిన చట్రం బయటికి కనిపించదు. జీను ముందు కమానును తొడకు ఆనించి, వెనక అంచును రెండు చేతులతో దగ్గరికి లాగండి. కొద్దిగా సాగి వెనక్కు పోతే మంచిది. సీటు మధ్యలో తోలు ముడతలు పడితే, కిర్రుమంటే, మెత్తగా మడిచినట్టు వంగితే చట్రం పోయింది. ముందు కొనలు రెండూ పట్టుకుని విప్పబోతే కదలకూడదు. తిరగేసి వెనక నుంచి చూస్తే మెత్తలు రెండూ సమానంగా ఉండాలి, నడిమి గాడి ముందు నుంచి వెనక దాకా ఒకే వెడల్పున మూడు నాలుగు వేళ్లు పట్టాలి. మెత్తల్లో ఉన్ని గడ్డకడితే భయం లేదు, తీసి కొత్తది కూరుస్తారు. చట్రం మాత్రం బాగుచేయించడం కన్నా వదులుకోవడమే మేలు.

వెతకడానికి ముందు గుర్రం వీపు ఆకారం మీ చేతిలో ఉండాలి. దీనికి ఇంజినీరింగ్ డ్రాయింగ్ సామాను దుకాణంలో దొరికే వంగే రూళ్లకర్ర చాలు. గుర్రాన్ని చదును నేల మీద నాలుగు కాళ్లూ సమానంగా ఉండేలా, తల మామూలు ఎత్తులో ఉండేలా నిలబెట్టాలి. రెక్క ఎముక వెనక రెండు వేళ్ల దూరంలో రూళ్లకర్రను వీపు మీదుగా అడ్డంగా వంచి, చర్మానికి నొక్కకుండా ఆనించి, ఆకారం చెదరకుండా తీసి పెద్ద కాగితం మీద గీయాలి. చివరి పక్కటెముక దగ్గర ఇంకొకటి, రెంటి మధ్య ఇంకొకటి. వెన్ను పక్కన పొడవునా ఒకటి. ఈ నాలుగు గీతలే మీ గుర్రం నిజమైన సైజు. వైడ్, ఎక్స్‌ట్రా వైడ్ అన్న మాటలకన్నా ఇవే నమ్మదగ్గవి. అట్ట ముక్కను ఆ గీత వెంట కత్తిరించుకుంటే, అమ్మేవాళ్ల దగ్గరికి గుర్రాన్ని తీసుకెళ్లకుండానే జీను కమానులో పెట్టి చూడవచ్చు. ఎన్నో జీనులను మోసి తెచ్చి, వేసి చూసి, తిప్పిపంపే ఖర్చు దీంతో మిగులుతుంది. ఇంగ్లండ్‌లో సొసైటీ ఆఫ్ మాస్టర్ శాడ్లర్స్ అనే సంఘం 1966 నుంచి ఉంది, శిక్షణ పొందిన జీను కొలతగాళ్లను అది తయారు చేస్తుంది. అలాంటి మనిషి ఒకసారి వచ్చి చూస్తే అయ్యే రుసుము, తప్పు జీను కొని అమ్ముకుంటే పోయే డబ్బులో చిన్న భాగం. అలాంటివాళ్లు అందుబాటులో లేని చోట, ఆ నాలుగు గీతలు అంతకన్నా అవసరం.

జీను చేతికి వచ్చాక, కింద ఏ గుడ్డా వేయకుండా మూపు మీద కాస్త ముందుకు పెట్టి, మెల్లగా వెనక్కు జరపాలి. దానంతట అది ఒక చోట ఆగుతుంది. ఆ చోటును మనం మార్చకూడదు. సీటులో అన్నిటికన్నా లోతైన భాగం మధ్యలో ఉండాలి, వెనక్కో ముందుకో వాలకూడదు. మూపుకూ కమానుకూ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి, మనిషి ఎక్కాక కూడా మూపు తగలకూడదు. మెత్త కింద అరచెయ్యి పెట్టి ముందు నుంచి వెనక్కు జరిపితే నొక్కు ఒకేలా ఉండాలి. తర్వాత తంగు బిగించి, మనిషి ఎక్కి, నడిపించి, దుడుకు నడక అందుకోవాలి. నిలబడినప్పుడు కుదిరిన జీను కదిలినప్పుడు కుదరకపోవచ్చు. నెదర్లండ్స్ పరిశోధకులు 2004లో జీను మీద 75 కిలోల బరువు కట్టి గుర్రాలను నడిపిస్తే, బరువు కింద వీపు మొత్తంగా కిందికి దిగిందని తేలింది. కాబట్టి సవారీ చేసి దిగాక చూడాలి. జీను తీసి చెమట ఎలా పట్టిందో గమనించాలి. రెండు వైపులా తడి ఒకేలా పరుచుకుని, నడిమి గాడి పొడిగా ఉంటే మంచిది. తడి మధ్యలో చిన్న పొడి మచ్చ ఉంటే అక్కడ బాగా నొక్కుతోందేమో వేళ్లతో నొక్కి చూడాలి. గుర్రం చర్మం బిగిస్తే, పక్కకు తప్పుకుంటే ఆ జీను ఆ గుర్రానిది కాదు.

ఉన్ని మెత్తలు మొదటి కొన్ని నెలల్లో కుంగుతాయి. సరైన జీనుతో పని చేసే గుర్రానికి వెన్ను కండ పెరుగుతుంది. గ్రీవ్, డైసన్ ఏడాది పొడవునా కొలిచి, ఆరోగ్యంగా ఉన్న సవారీ గుర్రాల వీపు కొలతలు కూడా మారుతూ ఉంటాయని చూపించారు. కాబట్టి మూడు నెలలకోసారి రూళ్లకర్రతో అదే కాగితం మీద వేరే రంగు పెన్నుతో మళ్లీ గీసి, తేదీ వేసుకోవాలి. గీతలు ఒకదాని మీద ఒకటి పడితే జీను జోలికి పోనక్కర్లేదు. కొద్దిగా తప్పితే ఉన్ని తీసి కూర్పించడమో, కమాను ముక్క ఒక సైజు మార్చడమో చాలు. వెడల్పులో కాక ఆకారమే వేరుగా వస్తోందంటే, ముందు గుర్రం కాళ్లనూ, మేతనూ పరీక్ష చేయించి, ఆ తర్వాతే జీను సంగతి చూడాలి.